సిగ్గుపొయ్యి

మా ఇంట్లో పొయ్యికి సిగ్గెక్కువ. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికైనా అంత సిగ్గుండదు. చెయ్యి దగ్గరికి తెస్తే చాలు, మంట అవతలి పక్కకి ఒరిగిపోయేది. గుడ్డ తగలబోతే తల దించుకునేది. బాణలిలో నూనె అంటుకునేంత కాగితే తనంతట తనే అణిగి కూర్చునేది. కంపెనీవాళ్ళు దానికి ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరు పెట్టారు గానీ ఊళ్ళో ఒక్కరికీ నోరు తిరగలేదు. సామర్లకోట ఆడవాళ్ళం మేం పెట్టిన పేరే నిలిచింది, సిగ్గుపొయ్యి అని.

దాన్ని కనిపెట్టింది మా ఆడపడుచు ఇందుమతి. నా పేరు సువర్చల. నాకు నోరు కాస్త ఎక్కువని మా అత్తవారి వైపు ప్రతీతి. నిజమే మరి, ఇంట్లో అన్నా చెల్లెళ్ళిద్దరూ నోట్లో నాలుక లేనివాళ్ళయితే మూడోదానికి నోరుండక తప్పుతుందా? మా ఆయన భాస్కరం ఏదైనా అడిగితే తలూపుతాడు. ఇందు అదీ చెయ్యదు. పెళ్ళి మాటెత్తితే పుస్తకం తెరుస్తుంది. మా ఇంట్లోనే ఉంటూ రోజూ రైలెక్కి కాకినాడలో తన లాబరేటరీకి వెళ్ళొస్తుంది.

మా అత్తగారిని నేను చూడలేదు, గోడ మీద ఫొటోలోనే పరిచయం. ఆవిడ ఎలా పోయిందో మా ఆయన పెళ్ళైన కొత్తలో ఒకే ఒక్కసారి చెప్పాడు. శ్రావణ శుక్రవారం నాడు బూరెలు వేస్తోందట. పేరంటానికి పిలవడానికి ఎవరో వస్తే వీధి గుమ్మం దాకా వెళ్ళి మాట్లాడి వచ్చేసరికి బాణలిలో నూనె అంటుకుంది. పొయ్యి కట్టేసి మూత పెడితే అణిగిపోయే మంట అది. ఆవిడ కంగారులో "నీళ్ళు తేవే" అని కేకేసింది. ఎనిమిదేళ్ళ ఇందు పరుగున వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి తల్లి చేతికిచ్చింది. మరిగే నూనె మీద నీళ్ళు పడితే ఏమవుతుందో తల్లికీ తెలీదు, కూతురికీ తెలీదు. మంట అటక దాకా లేచింది.

ఆ సంగతి ఇందు నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. అన్ని విషయాల్లో నోరు పారేసుకునేదాన్నే, ఆ ఒక్క విషయంలో మాత్రం నోరు కట్టుకున్నాను.

నేను కడుపుతో ఉన్నప్పుడు ఒకరోజు ఇందు నన్ను వెంటబెట్టుకుని లాబరేటరీకి తీసుకెళ్ళింది. బల్ల మీద రెండు రాగి రేకులు ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, మీటేదో తిప్పింది. గాలి లేదు, ఫ్యాను లేదు. కొవ్వొత్తి మంట నిలువుగా ఉన్నదల్లా మెల్లగా ఓ పక్కకి వంగింది.

"మంటలో కంటికి కనపడని కరెంటుంటుంది వదినా," అంది. "దాన్ని పట్టుకుని లాగితే మంట మనం లాగినవైపు వస్తుంది."

"ఆవుకి పలుపుతాడు వేసినట్టా?"

"అచ్చం అంతే."

"బానే ఉంది. మరి చెయ్యొచ్చిందో గరిటొచ్చిందో దానికెలా తెలుస్తుందే?"

పక్కనే ఇంకో బల్ల మీద మామూలు గ్యాసుపొయ్యి ఉంది. బర్నరు చుట్టూ దారం కన్నా సన్నటి తీగలు. "మనిషి ఒంట్లో నీరుంది, వెచ్చదనముంది. గరిటెకి అవి లేవు. ఈ తీగలకి ఆ తేడా నేర్పాను. గుడ్డని కూడా గుర్తుపడతాయి. చెయ్యి పెట్టి చూడు."

"నేనా! వట్టి మనిషినైనా కాను."

ఆమె నవ్వి తన చేతిని మంటలో పెట్టింది. మంట చీలి, రెండు పక్కలకీ తప్పుకుని, ఆమె వేళ్ళ చుట్టూ ఖాళీ వదిలేసింది. చెయ్యి తియ్యగానే మళ్ళీ కలిసిపోయింది. ఆ తర్వాత నేనూ పెట్టాను. పిల్లిపిల్ల ఊపిరి తగిలినట్టు గోరువెచ్చగా ఉందంతే. ఇందు నోరారా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాతి సంగతి అందరికీ తెలిసిందే. రామభద్రరాజుగారని కాకినాడలో పెద్ద కంపెనీ ఆయన, దాన్ని తయారుచెయ్యడానికి ముందుకొచ్చారు. చూస్తుండగానే ఇంటింటికీ సిగ్గుపొయ్యి వచ్చేసింది. వంటింట్లో ఆడవాళ్ళు కాలిపోయారన్న వార్త పేపర్లో కనపడటం మానేసింది. ముక్కూ మొహం తెలీని ఆడవాళ్ళు మా ఇంటికొచ్చి ఇందుకి బొట్టు పెట్టి జాకెట్టుగుడ్డ ఇచ్చి వెళ్ళేవారు. ఒకావిడ, పక్కూరి నుంచి, ఇందు చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చి వెళ్ళిపోయింది. మా ఆయన ఆ సాయంత్రం వాళ్ళమ్మ ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు.

నాకు కూతురు పుట్టింది. ధరణి అని పేరు పెట్టుకున్నాం. దానికి అత్తంటే ప్రాణం. నేను ఎంత బతిమాలినా తినని పిల్ల, అత్త కలిపిన ముద్దైతే నోరు తెరిచేది. నడక వచ్చినప్పటి నుంచీ దాని ఆటంతా పొయ్యితోనే. పీట ఎక్కి నిలబడి మంటలో వేలు పెట్టేది, అది తప్పుకుంటే కిలకిలా నవ్వేది. "దాక్కో మంటా, దాక్కో! దొరికావ్!" మొదట్లో పరుగున వెళ్ళి చెయ్యి లాగేసేదాన్ని. తర్వాత్తర్వాత అలవాటైపోయింది. నా చిన్నప్పుడు మా అమ్మ వేడి కాఫీ గ్లాసుకి నా వేలు తాకించి "చుర్రు!" అనేది. ఊళ్ళో ఏ తల్లైనా అంతే చేసేది. ఇప్పుడు ఆ మాట అనేవాళ్ళే లేరు. దేనికంటారు, కాల్చే మంటంటూ ఇంట్లో ఉంటే కదా!

ధరణికి అయిదో ఏడు వచ్చింది. పిఠాపురంలో మా తమ్ముడు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు.

కొత్తింట్లో పాలు మటుకు కట్టెల మంట మీదే పొంగాలని మా అమ్మ పట్టుబట్టింది. వంటగది మూల మూడు ఇటుకలు పెట్టి, చితుకులు పేర్చి, గిన్నెలో పాలు పొంగించారు. అందరం చప్పట్లు కొట్టాం. గిన్నె దించి తీసుకెళ్ళారు, వ్రతం మొదలైంది, అందరూ హాల్లో చేరారు. ఇటుకల మధ్య మంట ఇంకా ఆరలేదు. ఆర్పాలన్న ఊహ ఎవరికీ రాలేదు. అందరివీ సిగ్గుపొయ్యిల కొంపలే. మంటని వదిలేసి పోకూడదన్న సంగతే మరిచిపోయాం.

పంతులుగారు తాంబూలం పళ్ళెం అడిగితే నేను వంటగదిలోకి వెళ్ళాను. ధరణి ఆ మూల నిలబడి ఉంది. కొత్త పట్టులంగా కట్టానేమో, గిర్రున తిరిగి లంగా గొడుగులా విచ్చుకోవడం చూసుకుంటూ ఉండి ఉంటుంది. ఇప్పుడు తిరగడం లేదు. తలొంచుకుని కిందికి చూస్తోంది. లంగా అంచు అంటుకుంది. మంట మోకాలి దాకా పాకింది.

ఏడవలేదు. పరుగెత్తలేదు. లోపల నూలు లైనింగు ఉండబట్టి సెగ ఇంకా ఒంటిదాకా రాలేదు. నన్ను చూసి, "అమ్మా, ఇది పోవట్లేదు," అంది. వీధి కుక్కపిల్ల వెంటపడితే చెప్పినట్టే చెప్పింది. అది తప్పుకుంటుందని ఎదురుచూస్తోంది నా పిచ్చితల్లి.

పళ్ళెం సంగతే మరిచిపోయాను. గుమ్మం పక్కన చుట్టి పెట్టి ఉన్న జంపఖానా లాగి, పిల్లని నేల మీద పడేసి, దానిలో చుట్టేసి, పైన పడి అదిమాను. అప్పుడు అరిచింది ధరణి. ఆ అరుపు నా చెవుల్లోంచి ఈ జన్మకి పోదు. ఎత్తుకుని కొళాయి కింద కూర్చోబెట్టి కాలు మీద నీళ్ళు వదిలాను. లంగా అంటుకుపోయిన చోట లాగలేదు. మా పిన్ని టూత్‌పేస్టు పట్టుకొచ్చింది, ఇంకెవరో పసుపు తెచ్చారు. "ముట్టుకున్నారంటే చేతులు విరిచేస్తాను, ముందు కారు తియ్యండి!" అని అరిచాను. వ్రతం మధ్యలోనే ఆగిపోయింది.

కాకినాడ ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు కట్టి బయటికొచ్చేసరికి ఇందు వచ్చింది. లాబరేటరీ నుంచి పరుగెత్తుకొచ్చినట్టుంది, చెప్పులు కూడా లేవు.

"ప్రాణానికి భయం లేదు," అంది డాక్టరమ్మ. "పిక్క నుంచి మోకాలి పైదాకా కాలింది. తొడ మీద చర్మం తీసి అతకాలి. కాలు కాస్త పట్టేసినట్టుండొచ్చు, ఎదుగుతుంటే మళ్ళీ ఆపరేషను పడొచ్చు." నన్నే చూస్తూ అడిగింది. "మీ ఇంట్లో ఏం పొయ్యమ్మా?"

నేను చెప్పాను.

"అనుకున్నాను. పూర్వం పిల్లలు పారిపోతూ కాలేవాళ్ళు, వీపు మీద ఉండేవి గాయాలు. ఈమధ్య వచ్చేవాళ్ళు తక్కువే గానీ, అందరికీ ముందువైపే. మంటకేసి చూస్తూ నిలబడి కాలుతున్నారు. అందరిళ్ళల్లోనూ అదే పొయ్యి. దేవుడి దీపం దగ్గర ఒకడు, పెళ్ళివంటల దగ్గర ఒకమ్మాయి..."

పక్కనున్నది ఎవరో ఆవిడకి తెలీదు. ఇందు గోడకి చేరగిలబడింది.

నేను ఆగలేకపోయాను. కడుపు మండుతున్నప్పుడు మాట ఎక్కడ ఆగుతుంది? "విన్నావా ఇందూ? మీ అమ్మని నీళ్ళు చంపాయి. నా కూతుర్ని నీ దయ చంపబోయింది," అన్నాను.

మా ఆయన "సువర్చలా!" అని నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన గొంతు పెంచడం అదొక్కసారే. ఇందు ధరణి మంచం పక్కన తెల్లవార్లూ కూర్చుని, పొద్దున్నే లాబరేటరీకి వెళ్ళిపోయింది.

పిల్ల ఇంటికొచ్చేసరికి వినాయకచవితి దాటిపోయింది. కుంటుకుంటూ నడిచేది. నేను పొయ్యి వెలిగించడానికి కూడా భయపడ్డాను, మంట చూస్తే దడుచుకుంటుందేమోనని. జరిగింది వేరు. ఒకరోజు పొద్దున గోడ పట్టుకుని మెల్లగా వంటింట్లోకొచ్చి, పీట ఎక్కలేక నన్ను ఎత్తుకోమంది. ఎత్తుకున్నాను. రెండు చేతులూ చాచి మంటలో పెట్టింది. మంట సిగ్గుపడి తప్పుకుంది. ధరణి మొహం వికసించింది.

"మన మంట మంచిది కదమ్మా. మావయ్యవాళ్ళింట్లోది చెడ్డది."

అంత కాలినా అది నేర్చుకున్నది ఇదా? నిప్పు కాలుస్తుందని కాదు, మావయ్యవాళ్ళ నిప్పు కాలుస్తుందని!

ఆ సాయంత్రం ఇందు రాగానే గుమ్మంలోనే పట్టుకున్నాను. ఆసుపత్రి నుంచి మా ఇద్దరికీ సరిగా మాటల్లేవు.

"ఈ పొయ్యి నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

"చెప్తే అర్థం చేసుకోదా వదినా? తెలివైన పిల్ల."

"చెప్పక ఊరుకున్నానా? చెప్తూనే ఉన్నా, తలూపుతూనే ఉంది. తల నా మాట వింటుందే, చెయ్యి వినదు. దాని చెయ్యి పుట్టినప్పటి నుంచీ నీ పొయ్యి మాటే వింటోంది."

ఇందు బ్యాగు కూడా దించకుండా అలాగే నిలబడింది. "పాతది తెచ్చి పెడితే నూనె అంటుకుంటుంది. సిలిండరు గొట్టం కారుతుంది. నాకు... నా వల్ల కాదు వదినా, ఈ ఇంట్లో మళ్ళీ ఆ పొయ్యి చూడటం."

"అయితే దీనికి పళ్ళు పెట్టు. చంపక్కర్లేదు, కరిస్తే చాలు."

కోపంలో అన్న మాటే అది. కానీ ఇందు నన్ను అదోలా చూసింది. అన్నం కూడా తినకుండా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

కొన్నాళ్ళకి అన్నం వడ్డిస్తుంటే ఇందు ఎడమ చెయ్యి కనపడింది. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా వరసగా ఎర్రటి మచ్చలు, కొన్ని మానినవి, కొన్ని పచ్చిగా ఉన్నవి.

"ఏంటే ఇది!"

"కొలుస్తున్నాను," అంది ముద్ద కలుపుతూనే. "నొప్పి ముందొస్తుంది వదినా, గాయం తర్వాతొస్తుంది. రెంటి మధ్యా దేవుడు చిన్న సందు ఉంచాడు. పొయ్యి ఆ సందులో ఆగాలి. చురుక్కుమనాలి, మచ్చ పడకూడదు. పిల్లల చర్మం పల్చన. వాళ్ళకి ఆ సందు ఇంకా ఇరుకు."

"నీ చేతి మీద పిల్లల సంగతి ఎలా తెలుస్తుందే?"

"డాక్టరమ్మ దగ్గర అడిగి తెలుసుకుంటున్నా. లెక్క వేస్తున్నా. కానీ ఆఖరికి..." అని ఊరుకుంది. ఆఖరికి ఏమిటో ఇద్దరికీ తెలుసు.

రాజుగారి దగ్గరికి నన్నూ రమ్మంది. ఆయన మర్యాదస్తుడు, మజ్జిగ తెప్పించి ఇచ్చాడు. ఇందు చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"నొప్పెట్టే పొయ్యి ఎవరు కొంటారమ్మా?"

"కొనేవాళ్ళకి ఎందుకో చెప్తానండి."

"ఏం చెప్తారండి? ఇన్నాళ్ళూ మీకిచ్చిన పొయ్యిలో లోపముందని చెప్తారా? పేపర్లో అది పడిందనుకోండి, జనం మళ్ళీ పాత పొయ్యిలెట్టుకుంటారండి. మళ్ళీ నూనె అంటుకుంటాది. మళ్ళీ ఏ ఇంట్లోనో ఓ తల్లి పోద్ది. ఆ ఉసురెవరికి తగులుద్దండి? మీకా, నాకా?"

ఆ మాట ఇందుకి ఎక్కడ తగిలిందో ఆయనకి తెలీదు పాపం. నేనందుకున్నాను. "మా పిల్ల కాలు చూస్తారా రాజుగారూ? రేపు తీసుకొస్తాను."

ఆయన మొహం మాడ్చుకోలేదు. "నాకూ మనవరాళ్ళున్నారమ్మా. ఒకటి చెప్తాను, కోప్పడకండి. కాల్చే పొయ్యి ఊరి పిల్లలందరి ముందూ పెట్టమంటున్నారు కదా. ముందు మీ ఇంట్లో పెట్టుకోండి. మీ పాప చెయ్యే కాలనివ్వండి. ఆ తర్వాత వచ్చి మీరిద్దరూ ఇదే మాటంటే నేనింక కాదననండి."

దారంతా నేను తిడుతూనే ఉన్నాను, ఆయన్నీ, ఆయన కంపెనీనీ, మజ్జిగలో తక్కువైన ఉప్పునీ. ఇంటి మలుపు దగ్గరికొచ్చేసరికి నా తిట్లు అయిపోయాయి. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఎవరి పిల్లనో అడిగేది మా పిల్లని ఎందుకడక్కూడదు?

మా ఆయన ససేమిరా అన్నాడు. ఒకసారి కాలిన పిల్ల, మళ్ళీనా అన్నాడు. "నొప్పి తెలీకుండా పెంచుదామనే కదా ఇందు ఇదంతా చేసింది," అన్నాడు.

"ముందుంది దీపావళండీ," అన్నాను. "వీధి వీధంతా మంటే. పిల్లని ఎన్ని గదుల్లో పెట్టి తాళం వేస్తారు?"

ఆయన లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. మా ఇంట్లో దాన్ని ఒప్పుకోవడమంటారు.

కొత్త పొయ్యి ఆదివారం ఉదయం బిగించింది ఇందు. చూడటానికి తేడా ఏమీ లేదు. నేను ముందు చెయ్యి పెట్టాను. మంట తప్పుకుంది గానీ మునుపటంత దూరం పోలేదు. చురుక్కుమంది. గబుక్కున లాక్కుని చూసుకున్నాను, ఎర్రదనమైనా లేదు. "పిల్లలకి దీనికన్నా తక్కువే," అంది ఇందు. చెయ్యి చిన్నదా పెద్దదా అని తీగలే పోల్చుకుంటాయట. గుడ్డ గానీ నూనె గానీ అంటుకోబోతే మాత్రం ఎప్పట్లాగే అణిగిపోతుంది.

ముందుగా చెప్పి చూద్దామని ఇద్దరం అనుకున్నాం. చెప్పాక చెయ్యి పెట్టకపోతే అంతకన్నా కావలసిందేముంది? ఇందు ధరణిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"ఈ పొయ్యి మార్చానమ్మా. ఇక నుంచి చెయ్యి పెడితే కాలుస్తుంది. పెట్టకూడదు."

ధరణి పకపకా నవ్వింది. "మన మంట కాల్చదత్తా."

"ఇప్పుడు కాలుస్తుంది. నిజం."

"నువ్వే చేశావు కదా! నువ్వు చేసింది కాల్చదు."

ఇందు నా వైపు చూసింది. ఇంత నోరున్నదాన్ని, ఒక్క ముక్క రాలేదు. ధరణి అత్త ఒళ్ళోంచి దిగి, కాలీడ్చుకుంటూ పీట జరుపుకుని, గట్టు పట్టుకుని ఎక్కింది. ఆపొచ్చు. నాకూ పొయ్యికీ మధ్య దూరమెంత, చెయ్యి చాపితే అందే దూరం. చీర కుచ్చిళ్ళు గుప్పెట్లో బిగించి పట్టుకుని నిలబడ్డాను. ఇందు కళ్ళు మూసుకోలేదు. చూస్తూనే ఉంది.

"దాక్కో మంటా," అని చెయ్యి పెట్టింది ధరణి.

వెంటనే లాగేసుకుంది. కెవ్వుమనలేదు. చేతిని తిప్పి చూసుకుంది. మళ్ళీ మంటని చూసింది. ఏదో పొరపాటు జరిగిందేమో అన్నట్టు ఇంకోసారి వేలు పెట్టబోయి, మధ్యలో ఆగి, చేతిని వెనక్కి దాచుకుంది. అప్పుడు పెదవి విరిచింది. మొహమంతా కందిపోయి ఏడుపొచ్చింది. నేను దింపి ఎత్తుకుని వేళ్ళన్నీ వెతికి చూశాను. మచ్చ లేదు, పొక్కు లేదు.

"అత్తా," అంది ఎక్కిళ్ళ మధ్య. "నువ్వు కావాలనే పెట్టావా?"

పొరపాటైపోయిందమ్మా అని ఉంటే పిల్ల అప్పుడే ఆమె మెడ చుట్టూ చేతులేసేది. నాకు తెలుసు, ఇందుకీ తెలుసు.

"కావాలనే పెట్టానమ్మా," అంది ఇందు.

ధరణి నా భుజం మీద తల అటు తిప్పేసుకుంది.

రాజుగారికి ఆ మర్నాడే ఫోను చేసింది ఇందు. "పెట్టాం. ఇద్దరం అదే మాటంటున్నాం," అని ఫోను నాకిచ్చింది. నేనూ అన్నాను. ఆయన "పాప ఎలా ఉందమ్మా?" అని మాత్రం అడిగాడు.

పాప బానే ఉంది. బాలేనిది మా ఇల్లు. ధరణి అత్తతో మాట మానేసింది. ఇందు రైలు దిగి ఇంటికొచ్చే వేళకి నా వెనకాల చేరేది. కలిపిన ముద్ద పట్టుకుని ఇందు కూర్చుంటే నోరు బిగించేది. బొమ్మ కొనిచ్చినా, కథ చెప్తానన్నా ఊఁ లేదు, ఆఁ లేదు. నేను రెండు మూడుసార్లు కోప్పడబోతే ఇందే అడ్డొచ్చింది. "వద్దు వదినా. దానికి ఆ హక్కుంది." కంచంలో కలిపిన అన్నం తనే తినేసి చెయ్యి కడుక్కునేది. లోపల గదిలో ఏడ్చిందేమో నాకు తెలీదు. తల్లి పోయినప్పుడు కూడా ఏడవని పిల్లట అది, మా ఆయన చెప్పాడు.

నాకు కోపమంతా కరిగిపోయింది. ఆసుపత్రిలో అన్న మాటకి క్షమాపణ అడగాలని నోటిదాకా వచ్చేది, అడగలేకపోయేదాన్ని. ఇద్దరం పక్కపక్కన నిలబడి కూరగాయలు తరిగేవాళ్ళం, అంతే.

దీపావళి ముందు రోజు పొద్దున చారుకి పోపు వేస్తున్నాను. ఇందు పక్కనే నిలబడి, కొత్త తీగలు ఎలా పనిచేస్తున్నాయో చూడాలని పొయ్యి మీదికి వంగింది. చున్నీ జారి గట్టు మీదికి వేలాడుతోంది. నేనూ చూడలేదు. ఇన్నేళ్ళూ చూడక్కర్లేని పొయ్యిల దగ్గర బతికినవాళ్ళం.

"అత్తా!"

వెనక్కి తిరిగాం. ధరణి గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రాలేదు. ఒక చెయ్యి ద్వారబంధం మీద ఉంది, మొహం తెల్లబోయి ఉంది.

"అత్తా, వెనక్కి రా. నీ చున్నీ చూసుకో. అది కాలుస్తుంది."

ఆ పొయ్యి సంగతి ఇందుకి చెప్తోంది! నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఇందు మాత్రం నవ్వలేదు. చున్నీ గబగబా లాక్కుని నడుముకి చుట్టుకుంది, చెప్పిన మాట వినే పిల్లలా వెనక్కి జరిగింది.

"ఇంకొంచెం," అంది ధరణి.

ఇందు ఇంకొంచెం జరిగింది. గుమ్మం దాకా వచ్చేసింది. ధరణి ఆమె చున్నీ కొస పట్టుకుని, బాగా బిగించి ఉందో లేదో లాగి చూసి, అప్పుడు వదిలింది. ఇందు గడప మీద కూర్చుండిపోయి, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పొయ్యి కట్టేసి ఆమె పక్కన కూర్చున్నాను.